తాళం వేసినవాళ్ళే తీయాలి

“నీ బ్యాగు ఎంత చెత్తగా ఉంటుందో ఎప్పుడైనా చూసుకున్నావా? టెస్టరు, తీగముక్కలు, సగం తిన్న బిస్కెట్ పొట్లం, ఎప్పటివో చీటీలు. ఆ తాళంచెవి వెతికేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది” అన్నాడు భర్త, వంటింటి గుమ్మంలో నిలబడి తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ.

ఆమె బీన్స్ తరుగుతోంది. పెద్ద ఆడపడుచు అత్తగారి తరఫు వాళ్ళు ఆరుగురు మధ్యాహ్నం భోజనానికి వస్తున్నారు. ఐదింటికే లేచి ఇల్లు తుడిచి, దిండ్లకు కొత్త గలీబులు తొడిగి, స్నానం చేసి వచ్చి కత్తి పట్టుకుంది. భర్త అన్న మాట మొదట చెవిన పడి ఊరుకుంది. ఇంట్లో ఇలాంటి మాటలు రోజంతా ఆమె వెనకాలే తిరుగుతుంటాయి. ఉప్పు డబ్బా మూత వదులుగా పెట్టిందనో, ఆరేసిన బట్టలు మడత తిరగేసిందనో, ఫోన్లో మాట్లాడుతుంటే ఆఫీసు గొంతు ఇంట్లో వాడిందనో. చేతిపని ఆపకుండా వాటిని వినడం ఎనిమిదేళ్ళ అలవాటు. మరో నాలుగు బీన్స్ తరిగాక కత్తి ఆగింది.

“ఏ తాళంచెవి?”

“అదే, ఎర్ర తాడు కట్టి ఉంటుందే. మీ మేనేజరుగారు ఫోన్ చేశారు. నువ్వు స్నానానికి వెళ్ళావు. డ్రైవర్ని పంపిస్తే ఇచ్చేశాను. ఎంత మర్యాదగా మాట్లాడాడనుకున్నావు. ఆదివారం పూట నిన్ను ఇబ్బంది పెట్టడం ఎందుకని నన్నడిగాడట.” మెచ్చుకోలు కోసం ఆగినట్టు కాస్త ఆగి అన్నాడు, “నీకో తలనొప్పి తగ్గించాను.”

“ఎంతసేపయింది?”

“తొమ్మిదయి ఉంటుంది.”

గోడ గడియారంలో పది కావడానికి ఎనిమిది నిమిషాలుంది. డ్రైవరు కారులో ఫ్యాక్టరీ చేరి పావుగంట అయిపోయి ఉంటుంది.

కారు విడిభాగాలు చేసే ఆ ఫ్యాక్టరీలో ఆమె కంట్రోల్స్ ఇంజనీరు. యంత్రాలకు చేతులూ చక్రాలూ వేరేవాళ్ళు బిగిస్తారు. అవి ఎప్పుడు కదలాలో, ఎప్పుడు ఆగాలో ఆమె రాస్తుంది. మూడో లైనులో ఒక రోబో చెయ్యి ఉంది. కదిలే పట్టా మీద వచ్చిన ఇనుప ముక్కను ఎత్తి ప్రెస్సులో పెట్టడం దాని పని. దాని చుట్టూ మనిషి ఎత్తున జాలీ కట్టారు. పనివాళ్ళు దాన్ని పంజరం అంటారు. పంజరానికి ఒకటే తలుపు. ఆ తలుపు తెరిస్తే లోపలి చెయ్యి ఎక్కడున్నది అక్కడే బిగుసుకుపోవాలి. అందుకోసం తలుపు అంచున గుప్పెడంత స్విచ్ ఒకటి ఉంటుంది. తలుపు తెరిచారు అని యంత్రానికి చెప్పేది అదొక్కటే.

నెల రోజులుగా ఆ స్విచ్ పాడై, తలుపు మూసి ఉన్నా తెరిచి ఉందని చెబుతూ లైనును ఊరికే ఆపేస్తోంది. కొత్తది తెప్పించమని ఆమె నాలుగుసార్లు ఉత్తరం పెట్టింది. నాలుగో ఉత్తరం తర్వాత స్విచ్ గొడవ హఠాత్తుగా ఆగిపోయింది. వారం పాటు లైను ఒక్కసారీ ఆగలేదు. అందరూ సంతోషించారు. ఆమెకు మాత్రం నిద్ర పట్టలేదు. పాడైనది దానంతటది బాగుపడదు కదా. శనివారం మధ్యాహ్నం లైను పక్కనున్న కరెంటు ప్యానెల్ తలుపు తీసి, తీగల గుంపులో వేలు పెట్టి ఒక్కొక్కటే వెతికింది. రెండు అంగుళాల నీలం తీగ. చివర్లు చక్కగా నొక్కి, మిగతా తీగల వరసలో కలిసిపోయేట్టు పెట్టారు. స్విచ్‌ను దాటేసి కలిపిన తీగ అది. దానితో తలుపు తెరిచినా మూసినా యంత్రానికి ఒకటే. అంత శుభ్రంగా తీగ నొక్కేది ఆ ఫ్యాక్టరీలో ఫోర్‌మన్ ఒక్కడే.

తీగ పీకేస్తే, తను అటు తిరగగానే మళ్ళీ పెడతారు. అందుకని లైనుకంతటికీ కరెంటు ఇచ్చే మెయిన్ స్విచ్ పిడిని కిందికి లాగి, దానికి తన ఎర్ర తాళం వేసింది. ఫ్యాక్టరీలో బాగుచేసే పని చేసే ప్రతి ఒక్కరికీ అలాంటి తాళం ఒకటి ఇస్తారు. పైన తమ ఫోటో ఉన్న చీటీ వేలాడుతుంది. దానికి రెండో తాళంచెవి ఉండదు. తాళం వేసినవాళ్ళే తీయాలి. వాళ్ళు లేకుండా తీయాలంటే తాళాన్ని కోయాలి, కోసినవాడు కారణం రాసి సంతకం పెట్టాలి. ఫోన్లో మేనేజరుకు విషయం చెప్పి, సోమవారం కొత్త స్విచ్ వచ్చేదాకా తీయనని అంది. ఆయన సాయంత్రం రెండుసార్లు అడిగాడు, ఆదివారం ఒక్కపూట లైను నడవాలన్నాడు. ఆమె కుదరదంది. అంతటితో అయిపోయిందనుకుని తాళంచెవిని బ్యాగు అడుగున దాచి ఇంటికొచ్చింది.

మేనేజరు తాళం కోయలేదు. కోస్తే సంతకం పెట్టాలి. ఉద్యోగంలో చేరినప్పుడు నింపిన కాగితం బయటికి తీయించి, ‘అత్యవసరమైతే ఎవరికి చెప్పాలి’ అన్నచోట ఆమె రాసిన భర్త నంబరుకు ఫోన్ చేశాడు.

“ఆ తాళంచెవి ఎందుకో తెలుసా మీకు?” అంది ఆమె.

భర్త నవ్వాడు. మంచి మనిషని ఊరంతా చెప్పుకునే నవ్వు అది. “తాళంచెవి తాళం తీయడానికే కదా. అంత మొహం పెడతావేంటి? మీ మేనేజరు అననే అన్నాడు, మేడమ్ కొంచెం పట్టుదల మనిషి సార్, మీరైతే అర్థం చేసుకుంటారని.”

హాల్లో చార్జింగు పెట్టిన ఫోను కోసం పరుగెత్తింది. మేనేజరు ఫోను రెండుసార్లు మోగి తెగిపోయింది. లైను దగ్గరున్న ఫోను మోగుతూనే ఉంది. అక్కడ పనిచేసేవాళ్ళ మొబైళ్ళు గేటు దగ్గర అరల్లో పెట్టించుకుంటారు. గేటుకు చేసింది. కాపలా ఆయన ఎత్తాడు. అవును మేడమ్, లైను నడుపుతారట, పదిన్నరకు ముక్కలు వేస్తారట అని చెప్పాడు. లోపల ఎవరెవరున్నారని అడిగింది. మేనేజరుగారు, ఫోర్‌మన్, నలుగురు పనివాళ్ళు అన్నాడు. మామూలే కదా అన్నట్టు, చీపురక్క కూడా వచ్చింది అన్నాడు.

ఆదివారాలు లైను ఆగి ఉంటుంది కాబట్టి చీపురక్క పంజరాలు ఊడుస్తుంది. పట్టాల కింద వారమంతా పేరుకున్న ఇనుప పొట్టును వంగి, కూర్చుని, పాక్కుంటూ లాగుతుంది. యాభై దాటిన మనిషి. ఎంత పొట్టిగా ఉంటుందంటే, వంగితే మీటల దగ్గర నిలబడ్డవాడికి కనిపించదు. చీపురక్క కొత్తగా చేరినప్పుడు జాగ్రత్తలు చెప్పింది తనే. తలుపు తెరిచి ఉంటే లోపల ఏదీ కదలదు, తలుపు దానంతటది మూసుకోకుండా అడ్డం పెట్టి మరీ లోపలికి వెళ్ళు అని మూడుసార్లు చెప్పింది. చీపురక్క కిసుక్కున నవ్వింది. “అంటే మూస్తే పులి, తెరిస్తే పిల్లి అంటారు.” అంతేనంది తను. అప్పటి నుంచి చీపురక్క ప్రతి ఆదివారం తన కాలి చెప్పు తీసి తలుపు సందులో పెట్టి, వట్టి కాలితో లోపలికి వెళుతుంది.

కాపలా ఆయన్ని వెళ్ళి మెయిన్ స్విచ్ లాగమంది. గేటు వదిలితే ఉద్యోగం పోతుంది మేడమ్ అన్నాడాయన. పోనీ చీపురక్కను బయటికి పిలవమంది. ఎవరైనా ఇటు వస్తే చెప్పి పంపుతానన్నాడు. అబద్ధమాడలేదు, ఆ గొంతులో ఉన్నది భయమే. ఆ భయం ఆమెకు తెలుసు.

వంటింట్లోకి తిరిగొచ్చి పొయ్యి కట్టేసింది. కట్టేసిందో లేదోనని మీట మీద చెయ్యి పెట్టి మళ్ళీ చూసింది, మళ్ళీ చూసింది. ఇంట్లో ఆమెకు అనుమానప్పక్షి అని పేరు పెట్టింది ఇందుకే. వచ్చినవాళ్ళందరికీ భర్త ఈ కథ చెప్పి నవ్విస్తాడు. అత్తగారు హాల్లోంచి లేచి వచ్చి, సగం తరిగిన బీన్స్ వంక, కోడలి చేతిలో స్కూటర్ తాళంచెవి వంక చూసి, ఏమిటమ్మా ఇది, వాళ్ళు బయల్దేరామని ఫోన్ చేశారు, నువ్వు లేకపోతే ఆ ఫ్యాక్టరీకి తెల్లవారదా అంది. భర్త అడ్డుగా నిలబడలేదు. అతను ఎప్పుడూ అడ్డుగా నిలబడడు. ఇప్పుడు నువ్వెళ్తే వాళ్ళకి నేనేం చెప్పుకోవాలి అని మాత్రం, ఆమె చెప్పులు వేసుకుంటుండగా, మెల్లగా అడిగాడు. ఆమె దగ్గర జవాబుంది గానీ చెప్పేంత సమయం లేదు.

స్కూటర్ మీద అరగంట దారి. ఆదివారం రోడ్లు ఖాళీగానే ఉన్నాయి, అయినా ప్రతి ఎర్ర దీపం ఆమె కోసమే వెలిగినట్టుంది. తడి జుట్టు మెడకు చల్లగా అంటుకుంది. హ్యాండిల్‌ను మరీ గట్టిగా పట్టుకుంది. తను రాసిన ప్రోగ్రాంలో ఆ ఒక్క వరస కళ్ళ ముందు ఆడుతోంది. ముక్క వచ్చింది, తలుపు మూసి ఉంది, అయితే కదులు. అంతే. ముక్క వచ్చిందని చెప్పేది పట్టా చివర ఉన్న చిన్న కాంతి కన్ను. దాని ముందుకు ఏదొచ్చినా అది ముక్కే అనుకుంటుంది. ఇనుపముక్క అయినా, చీపురైనా, మోచెయ్యి అయినా. రెండో మాట నిజమైనంతకాలం మొదటి మాట పొరపాటైనా ఫరవాలేదు. ఆ రెండో మాట ఇప్పుడు నీలం తీగ చెబుతోంది.

ఆమె తల్లి అట్టపెట్టెల కంపెనీలో కోత యంత్రం దగ్గర పనిచేసేది. ఈమె ఏడో తరగతిలో ఉండగా కుడిచేతి రెండు వేళ్ళు పోయాయి. చూసుకోవాలి కదా అన్నాడు సూపర్‌వైజరు. కట్టు కట్టిన డాక్టరు అదే అన్నాడు. ఇంటికొచ్చాక తండ్రి, ఏడుస్తూనే, చూసుకోవాలి కదే అన్నాడు. చూసుకోలేదు, నాదే తప్పు అని తల్లి కూడా అందరికీ చెప్పేది, మూడు వేళ్ళతో గిన్నెలు తోముతూ. ఆ ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి ఈమె. మూడో ఏడు పాఠంలో కోత యంత్రం బొమ్మ వచ్చింది. కత్తికి ముందు ఒక రేకు అడ్డం ఉండాలని, అది తీస్తే యంత్రం కదలకూడదని అందులో రాసి ఉంది. సెలవులకు ఇంటికెళ్ళి ఆ బొమ్మ తల్లికి చూపించింది. మీ దగ్గర ఈ రేకు ఉండేదా అని అడిగింది. ఉండేదట, పని నెమ్మదవుతోందని తీసి గోడకు ఆనించారట. తల్లి ఆ బొమ్మను చాలాసేపు చూసి, “అయితే నేను చూసుకోకపోవడం కాదా?” అంది. వేళ్ళు పోయి అప్పటికి ఎనిమిదేళ్ళు దాటాయి.

అందుకే ఈ ఉద్యోగంలో చేరింది. చేరాక తెలిసింది, మీటింగుల్లో ఎవరేమన్నారో రాసుకునే పని తనదేనని, బయటి కంపెనీవాళ్ళు వస్తే ప్యానెల్ గురించి తన కింద పనిచేసే కుర్రవాణ్ణి అడుగుతారని, టీ చల్లారిందన్న మాట మాత్రం తన వైపు చూసి అంటారని. పనివాళ్ళు ప్యానెలమ్మ అని పిలిస్తే దానికే మురిసిపోయేది. ఇంట్లో స్నానాలగది గొళ్ళెం ఊడి రెండేళ్ళయింది. తనే బిగిద్దామని స్క్రూడ్రైవరు పట్టుకుంటే, మగవాడు ఇంట్లో ఉండగా నువ్వు గోడలెక్కుతావా అంది అత్తగారు. ఆదివారం బిగిస్తానన్నాడు భర్త. బయట ఎవరైనా నడిచిన చప్పుడైనప్పుడల్లా, స్నానం చేస్తూ ‘ఉన్నాను’ అని కేకేయడం నేర్చుకుంది. ఇవాళ కూడా అలాగే రెండుసార్లు కేకేసింది. ఆ కేక విని, ఉన్నదిలే అనుకుని, అతను ఆమె బ్యాగు తెరిచి ఉంటాడు.

గేటు దగ్గర కాపలా ఆయన నిలబడే ఉన్నాడు. ఏమీ అడగకుండా తలుపు తీశాడు. పది ఇరవై ఆరు.

ఫ్యాక్టరీ లోపల సగం దీపాలే వెలుగుతున్నాయి. మూడో లైను మాత్రం వెలిగిపోతోంది. దాని నెత్తిన పచ్చ దీపం. అంటే యంత్రం సిద్ధంగా ఉంది, ముక్క కోసం చూస్తోంది. చెయ్యి పట్టా మీద పైకెత్తి ఉంది. తెలియనివాళ్ళకు ఆగినట్టే కనిపిస్తుంది. పచ్చ దీపం ఉన్నంతసేపు అది ఆగినట్టు కాదు. మీటల దగ్గర ఎవరూ లేరు. గోదాము వైపు నుంచి నవ్వులు వినిపిస్తున్నాయి, ముక్కల బండి తెస్తున్నట్టున్నారు. పంజరం తలుపు జానెడు తెరిచి ఉంది. సందులో ఒక రబ్బరు చెప్పు.

లోపల, పట్టా చివర, గుండ్రటి వీపు ఒకటి వంగి ఉంది. చీపురు ముందుకీ వెనక్కీ కదులుతోంది. ముందుకు వెళ్ళినప్పుడల్లా దాని కొస కాంతి కన్నుకు బెత్తెడు దూరం దాకా పోయి వెనక్కి వస్తోంది. కన్ను పక్కనే ఇనుప పొట్టు ఇంకా గుట్టగా ఉంది. అక్కడికీ ఊడుస్తుంది. చీపురక్క మూలలు వదిలే మనిషి కాదు.

పిలవబోయి నోరు మూసుకుంది. పిలిస్తే లేస్తుంది, లేస్తే భుజం కన్నుకు అడ్డం వస్తుంది. ఎమర్జెన్సీ బటన్ పంజరానికి అవతలి పక్కన, మీటల దగ్గర. మెయిన్ స్విచ్ ఇవతల, ప్యానెల్ వెనక, పన్నెండు అడుగుల్లో. అక్కడికి వెళ్ళాలంటే ఆ వీపు మీద నుంచి చూపు తిప్పుకోవాలి. చూపు తిప్పుకోవడమే ఆమె చేతకాలేదు. తను చూస్తున్నంతసేపు ఏమీ జరగదన్న పిచ్చి నమ్మకం ఒకటి కాళ్ళను పట్టుకుంది. చీపురు ముందుకు వెళ్ళింది, వెనక్కి వచ్చింది. మళ్ళీ ముందుకు వెళ్ళింది. ఆమె తిరిగి పరుగెత్తింది. పన్నెండు అడుగులు. వెనక నుంచి ఏ చప్పుడు వస్తుందోనని చెవులు రిక్కించి, ఆ చప్పుడు ఎలా ఉంటుందో తనకు ముందే తెలిసినట్టు భయపడుతూ, రెండు చేతులతో పిడి పట్టుకుని కిందికి లాగింది.

దీపం ఆరింది. యంత్రం బుస్సుమని గాలి వదిలింది. రోబో చెయ్యి టక్కుమని బిగుసుకుంది. ఆ తర్వాత చీపురు చప్పుడు ఒక్కటే మిగిలింది. అది కూడా ఆగింది.

“కరెంటు పోయిందా?” అంది చీపురక్క లోపలి నుంచి. తల ఎత్తి జాలీలోంచి చూసి గుర్తుపట్టింది. “మీరేంటమ్మా ఆదివారం పూట? ఇంట్లో పనుల్లేవా?”

ఆమె ప్యానెల్‌కు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది. బయటికి రమ్మని చేత్తో సైగ చేసింది. చీపురక్క ఒక కాలికి చెప్పుతో, ఒక కాలు వట్టిగా, కుంటుకుంటూ వచ్చింది. ఆమె ముఖం చూసి కంగారుపడి, తను చేసిన తప్పేమిటో వెతుక్కున్నట్టు అంది, “తలుపు తెరిచే పెట్టానమ్మా. చెప్పు కూడా అడ్డం పెట్టాను. మీరు చెప్పినట్టే.”

అప్పుడు ఏడుపొచ్చింది ఆమెకు. కాసేపు ఏడ్చి, ముక్కు తుడుచుకుని, లేచింది.

ఎర్ర తాళం ప్యానెల్ నెత్తిన పడి ఉంది. తాళంచెవి దాన్లోనే ఉంది. పక్కనే తాళాల పుస్తకం. అందులో శనివారం వరసలో, తను తాళం వేసిన సమయం ఎదురుగా, ఫోర్‌మన్ గుండ్రటి చేతిరాతలో ఇవాళ్టి తేదీ రాసి ఉంది. సమయం: తొమ్మిది యాభై. తీసినవారు: తాళం వేసినవారే.

ఆ మూడు మాటలు రెండుసార్లు చదివింది. చీపురు కొస ఇంకో బెత్తెడు ముందుకు పోయి ఉంటే, రేపు ఈ పుస్తకం అందరూ చూసేవాళ్ళు. తాళం వేసిందీ ఈమే, తీసిందీ ఈమే. ఆ సమయానికి తను ఇంట్లో, ఆరుగురి కోసం గలీబులు మార్చి, బీన్స్ తరుగుతూ ఉంది. ఇంజనీరు మేడమ్ చూసుకోలేదు అనేవాళ్ళు. పోయిన మనిషి కూడా చూసుకోలేదు అనేవాళ్ళు. బహుశా కొన్నాళ్ళకు తనూ అదే అనేది.

మేనేజరు టీ కప్పుతో వచ్చాడు, వెనకే ఫోర్‌మన్. లైను ఎవరు ఆపారంటూ వచ్చి ఆమెను చూసి ఆగాడు. తర్వాత గొంతు మెత్తబరిచాడు. సాయంత్రానికి లోడు బయల్దేరాలని, రేపు స్విచ్ వస్తుంది కదా, ఒక్కపూటకి ఇంత రాద్ధాంతం అవసరమా అని, ఇంట్లో చుట్టాలున్నారట కదా, హాయిగా వెళ్ళమని చెప్పుకొచ్చాడు. ఆమె పక్కనే ఉన్న చీపురక్కను ఆయన చూడలేదు. చివరికి, ఇక మాట్లాడేదేముంది అన్నట్టు అన్నాడు, “మీవారే స్వయంగా ఇచ్చి పంపారు కదమ్మా తాళంచెవి.”

“తాళం వేసింది మావారు కాదు సార్.”

గొంతు సన్నగా, పరీక్షలో జవాబు మరిచిపోయిన పిల్ల గొంతులా వచ్చింది. గట్టిగా అనాలనుకుంది గానీ రాలేదు. అయినా చేతులు వాటి పని అవి చేశాయి. పుస్తకంలో ఆ పేజీకి, ప్యానెల్లో నీలం తీగకు, తలుపు సందులో చెప్పుకు ఫోటోలు తీసింది. ఫోర్‌మన్ రాసిన వరస కింద, నేను తీయలేదు అని రాసి సంతకం పెట్టింది. మెయిన్ స్విచ్‌కు మళ్ళీ తాళం వేసింది. వేసి లాగి చూసింది. మళ్ళీ లాగింది. మూడోసారి లాగుతుంటే ఫోర్‌మన్ నేల చూపులు చూశాడు. ఇప్పుడు కోయించండి సార్, సంతకం మీరు పెట్టండి అంది. మేనేజరు కప్పు కింద పెట్టి, రేపు పొద్దున నా గదికి రండి మాట్లాడదాం అన్నాడు. అందులో మర్యాద ఏమీ తగ్గలేదు. అందుకే ఆమెకు ఇంకా భయమేసింది. ఉద్యోగం పోవచ్చు. ఆ సంగతి తెలిసే తాళంచెవిని పిడికిట్లో బిగించింది.

వాళ్ళు వెళ్ళాక చీపురక్క ఒక ఖాళీ పెట్టె తిరగేసి కూర్చోమంది, మంచినీళ్ళు తెచ్చింది. ఆమె నీలం తీగ చూపించి జరిగింది చెప్పింది. తలుపు తెరిచి ఉంటే ఏం కాదని తను చెప్పిన మాట ఈ వారమంతా అబద్ధమై కూర్చుందని చెప్పింది. చీపురక్క తన చీపురు వంక, కాంతి కన్ను వంక, మళ్ళీ చీపురు వంక చూసింది. నేల మీద చతికిలబడి కాళ్ళు దగ్గరికి ముడుచుకుంది. “పులి పక్కనే ఊడ్చానన్నమాట” అంది. నవ్వబోయింది, నవ్వు సగంలో ఆగింది.

ఫోను మోగింది. భర్త. గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు, వెనక ముందుగదిలో మనుషుల సందడి వినిపిస్తోంది. వాళ్ళొచ్చి అరగంటయిందని, అమ్మ ఒక్కతే వంటింట్లో అవస్థ పడుతోందని, నువ్వేదని అందరూ అడుగుతున్నారని చెప్పాడు. తర్వాత అడిగాడు, “అక్కడేమైనా కొంప మునిగిందా?”

“లేదు.”

“ఎవరికైనా ఏమైనా అయిందా?”

“కాలేదు.”

“చెప్పానా. నీదంతా అనవసరపు భయం. ఒక్క తాళంచెవి కోసం ఇంత పరుగు. ఇంతకీ అది నీకిచ్చేశారా?”

“ఇచ్చారు.”

“ఇంకేం మరి. ఎప్పుడొస్తావు?”

ఆమె పిడికిలి తెరిచింది. అరచేతిలో తాళంచెవి పళ్ళు ఎర్రగా అచ్చుపడ్డాయి. ప్యానెల్లో ఒక్కొక్క తీగ పట్టుకుని వెతికినట్టే ఆ ఇంటిని ఈ కొస నుంచి ఆ కొస దాకా మనసులో ఒకసారి వెతికింది. బ్యాగు. బీరువా, దాని తాళంచెవి అత్తగారి నడుము దగ్గర ఉంటుంది. బియ్యం డబ్బా, అది రోజూ ఆవిడే తెరుస్తుంది. దిండు కింద. పుస్తకాల వెనక. స్కూటర్ పెట్టె, దాని రెండో తాళంచెవి అతని జేబులోనే ఉంది. గొళ్ళెం లేని స్నానాలగది. ఎనిమిదేళ్ళుగా రోజూ తుడిచిన ఇల్లు, మూలమూలా తెలుసు.

అవతల అతను రెండోసారి అడిగాడు.

“ఇది పెట్టుకోవడానికి ఒక చోటు దొరికాక వస్తాను” అంది.